వడ్డించెటోళ్లు ఎప్పుడు తింటరు?

2007లో, వానాకాలం. కరీంనగర్‌లో నేను ఇంగ్లీషు చెప్పే డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ ల్యాబు బల్లలు రెండు జత చేసి, వాటి మీద హాస్టల్ దుప్పటి పరిచి డైనింగ్ టేబుల్ తయారుచేశాం. ఫోర్కులు, కత్తులు, చెంచాలు హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనరు తన బ్యాగులోనే తెచ్చుకున్నాడు. తినడానికి మాత్రం బస్టాండు దగ్గరి హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పించాం. ఇడ్లీని కత్తితో కోసి, ఫోర్కుతో గుచ్చి, పెదవులు మూసి చప్పుడు కాకుండా నమలడం ఆయన చేసి చూపిస్తున్నాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ప్రయత్నిస్తున్నారు. ఇడ్లీ ముక్క ఎగిరి దుప్పటి మీద పడ్డప్పుడల్లా నవ్వులు.

కోరుట్ల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, క్లాసులో ఎన్నడూ నోరు విప్పనిది, చెయ్యెత్తింది. "సార్, అందరు ఒక్కసారే కూసుంటరా?"

"అవునమ్మా. హోస్ట్ కూర్చున్నాక అందరూ కూర్చుంటారు."

"మరి వడ్డించెటోళ్లు ఎప్పుడు తింటరు?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "వెయిటర్ వస్తాడమ్మా. వాడి సంగతి నీకెందుకు?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఆయన నింపి ఇచ్చిన ఫారాల్లో ఆ పిల్ల పేరు ఎదురుగా ఇంగ్లీషులో రెండే మాటలు రాసి ఉన్నాయి: 'లాక్స్ ఎక్స్‌పోజర్'. లోకం చూడలేదని.

ఆ పిల్ల తన ఇంట్లో రోజూ చూసేదే అడిగింది. తండ్రి, అన్న, వచ్చిన చుట్టం తిన్నాక తల్లి తింటుంది. తల్లితోపాటు తను. ఒక్కో రోజు కూర అడుగంటుతుంది. అందరూ ఒకేసారి కూర్చునే బల్ల ఉంటుందని వినగానే ఆమెకు తట్టిన మొదటి సందేహం, స్త్రీల చరిత్ర చదివే మనం పుస్తకాలు రాసి అడిగే ప్రశ్నే. దానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. అంతకంటే సిగ్గుపడే విషయం, అది ప్రశ్నలా వినిపించనే లేదు.

ఈ పాఠాలు మా జిల్లాలకు వచ్చిన క్రమం పొడుగైనదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకం మధ్యలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి. ఇంగ్లీషు, కంప్యూటరు, 'సాఫ్ట్ స్కిల్స్' నేర్పి కంపెనీల ముందు నిలబెట్టడం వాటి పని. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటి మొదలైంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో అప్పటికే జె.ఎన్‌.టి.యు. కళాశాల ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని బీడీలు చుట్టే ఇళ్ల నుంచి, మరమగ్గాల ఇళ్ల నుంచి, గల్ఫ్ డబ్బు మీద బతికే ఇళ్ల నుంచి పిల్లలు ఇంజనీరింగుకు వచ్చారు. జె.ఎన్‌.టి.యు. 2009 సిలబస్‌లో మూడో ఏడాదికి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబు ఉంది. గ్రూప్ డిస్కషన్, రెజ్యూమె, ఇంటర్వ్యూ అన్నీ అందులోనే. తెలంగాణ వచ్చాక పథకాల పేర్లు మారాయి, పాఠం మారలేదు.

పాఠంలో ఉండేది మీకు తెలిసిందే. తలుపు తట్టి అనుమతి అడగాలి. కళ్లలోకి చూడాలి. చెయ్యి గట్టిగా కలపాలి, మరీ గట్టిగా కాదు. కూర్చోమనే దాకా కూర్చోగూడదు. (ఈ చివరిదానికి మాత్రం మా ఊళ్ల పిల్లలకు ట్రైనింగు అక్కర్లేదు.) చేతులు బల్ల కింద దాచుకోవద్దు. 'హా' అనొద్దు, 'యెస్' అనాలి.

ఫోర్కు మీద నాకు కోపం లేదు. ఆమాటకొస్తే దాని చరిత్ర కూడా ఒక ఆడమనిషి అవమానంతోనే ముడిపడింది. పదకొండో శతాబ్దంలో బైజాంటియం నుంచి వెనీస్‌కు కోడలుగా వెళ్లిన రాజవంశపు స్త్రీ, చేత్తో తినకుండా బంగారు ఫోర్కుతో తిన్నదని పీటర్ డామియన్ అనే మతగురువు ఆమె విలాసాన్ని దుమ్మెత్తిపోశాడు. తర్వాత ఆమె రోగంతో చనిపోతే అది దేవుడు వేసిన శిక్ష అన్నారు. నోర్బర్ట్ ఎలియాస్ 1939లో జర్మన్‌లో అచ్చువేసిన తన గ్రంథంలో యూరప్ తిండి మర్యాదలు ఎట్లా తయారయ్యాయో చెబుతూ ఈ కథను తీసుకొస్తాడు. ఒకప్పుడు పాపమైంది కొన్ని వందల ఏళ్లకు నాగరికత అయింది. ఆ తర్వాత అది లేనివాళ్లు అనాగరికులయ్యారు. మర్యాద ఎవరిదో, ఎవరి ముందు ఎవరు పాటించాలో నిర్ణయించేది ఎప్పుడూ బల్లకు ఒక పక్కన కూర్చున్నవాళ్లే.

మా ప్రాంతంలో ఈ బల్ల స్థానంలో గడి అరుగు ఉండేది. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో మనుషులకు మర్యాద నేర్పించలేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. తరతరాలుగా నేర్పించింది అదే. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతపట్టుకోవాలి. గొడుగు ముడవాలి. తలగుడ్డ తియ్యాలి. దొర కనబడితే మంచం మీంచి లేవాలి. తల వంచి 'నీ బాంచను, కాల్మొక్త' అనాలి. కళ్లెత్తి చూస్తే అది పొగరు. కులానికొక వెట్టి, ఇంటికొక వంతు. గడిలో పుట్టింటి నుంచి దొరసానితోపాటు సామానులాగా వచ్చిన ఆడబాపలు ఉండేవారు. వంటింటి నుంచి పడకటింటి దాకా వాళ్ల ఒళ్లు వాళ్లది కాదు. వడ్డించెటోళ్లు ఎప్పుడు తింటరన్న ప్రశ్నకు అన్నిటికంటే చేదు జవాబు వాళ్ల దగ్గర ఉండి ఉంటుంది. దాన్ని రాసిపెట్టినవాళ్లు లేరు.

భాషది కూడా అదే కథ. 1921 నవంబరులో హైదరాబాద్‌లో సంఘ సంస్కార మహాసభ జరిగింది. ఇంగ్లీషులో, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ వింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసింది. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా రాసింది, ప్రచారం చేసింది. ఇక్కడ మనం ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. ఆ సభకు అధ్యక్షుడు కర్వే. వితంతువుల కోసం, స్త్రీ విద్య కోసం జీవితమంతా పనిచేసినవాడు, అంతకు అయిదేళ్ల ముందే మహిళా విశ్వవిద్యాలయం స్థాపించినవాడు. సంస్కారం గురించి మాట్లాడుకునే సభే తెలుగు మాటకు నవ్వింది. మంచివాళ్లున్న గదిలో కూడా నవ్వు వస్తుంది. 2007లో నేను నవ్వినట్టే.

జనసంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1935లో మా సిరిసిల్లలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు పక్కనే ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. వెట్టి మీద, చదువు మీద, బాల్య వివాహాల మీద ఆ సభలన్నీ మాట్లాడుతూ వచ్చాయి. 1940లలో సాయుధ పోరాటం 'నీ బాంచను' అన్న నోళ్లతోనే బందూకులు పట్టించింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్నారు, పోరాటం ఆగాక తమను మళ్లీ ఇళ్లలోకి, వంటిళ్లలోకి వెళ్లమన్నారని. అక్కడా వడ్డన తప్పలేదు.

ఉత్తర తెలంగాణలో గడి మర్యాద చెరిగిపోవడానికి మరో ముప్పయ్యేళ్లు పట్టింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి బందు కావాలని, దండుగుల పేరుతో వసూలు చేసిన పైసలు వాపసు ఇవ్వాలని, భూములు ఇవ్వాలని. ఊళ్లకు ఊళ్లు దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. గడ్డం గీసేవాళ్లు పోలేదు, బట్టలు ఉతికేవాళ్లు పోలేదు. అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తల ఎత్తి నడిచినందుకు చట్టం తేవాల్సి వచ్చింది.

మా నాయనమ్మది జగిత్యాల పక్క ఊరు. ఊళ్లో దొరతనం పోయాక చాన్నాళ్లకు, 80లలో, పింఛను పనిమీద ఆమెను ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను. గుమాస్తా మంచివాడు, "కూసో అవ్వా" అని కుర్చీ చూపించాడు. ఆమె కుర్చీని ఒక చేత్తో పట్టుకొని, దాని పక్కన నేల మీద కూర్చుంది. నేను లేపబోతే చెయ్యి విదిలించింది. "ఈడ మంచిగున్నది తియ్." ఆ కుర్చీ కోడు మీద ఆమె వేళ్లు నాకు ఇప్పటికీ కనబడతాయి. ఆమె మునిమనవరాళ్ల వయసు పిల్లలు మాక్ ఇంటర్వ్యూలో కుర్చీ అంచున కూర్చుని, కళ్లు దించుకొని, చున్నీ కొస మెలిపెడుతుంటే మేము మార్కుల కాగితంలో 'ఆత్మవిశ్వాసం లేదు' అని రాస్తాం. లేకపోవడం కాదది. ఒకప్పుడు తప్పనిసరిగా నేర్పిన పాఠం ఇంకా ఒంట్లో మిగిలి ఉండటం. దానికి ఎదురు తిరిగిన చరిత్ర కూడా ఆ ఊళ్లదే. జగిత్యాల పిల్లలకు 'ఐ కాంటాక్ట్' గురించి చెప్పేటప్పుడు జైత్రయాత్ర గురించి చెప్పాలని నాకు తట్టడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

2011లో ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాను. 2016లో ఆ జిల్లా నాలుగైంది. నేను చేరినప్పుడు ఇంకా ఒకటే, ఒక కొస నుంచి ఇంకో కొసకు బస్సులో పొద్దంతా పట్టేది. అక్కడ ఒక మాక్ ఇంటర్వ్యూకు ఉట్నూరు వైపు గోండు అమ్మాయి వచ్చింది. ప్యానెల్‌లో మేం నలుగురం. తలుపు దగ్గర అటెండరు. ఆమె లోపలికి వచ్చి, ముందు అటెండరుకు రెండు చేతులు జోడించి "రాం రాం" చెప్పింది. తర్వాత మా నలుగురికీ, ఒక్కొక్కరి వైపు తిరిగి, ఒక్కొక్కసారి. అటెండరు కంగారుపడి లేచి తనూ "రాం రాం" అన్నాడు. మొత్తం అర నిమిషం. మేం ఆమెకు చెప్పిందేమిటంటే, అందరికీ కలిపి ఒక్కసారి గుడ్ మార్నింగ్ చాలు, అటెండరుకు అక్కర్లేదు.

"మా దగ్గర గట్లనే చెప్తం మేడం. ఒక్కలకు చెప్పి ఒక్కలకు చెప్పకుంటె మంచిగుండది." ఆమె అన్నది అంతే. నేను మార్కు తగ్గించాను.

ఆ సెలవుల్లో మార్లవాయి వెళ్లాను. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపాక నిజాం ప్రభుత్వం ఆదివాసుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. కాగితం చదవడం, రాయడం, లెక్క చూసుకోవడం వస్తే పట్వారీ, షావుకారు, జంగ్లాత్ అమీను మోసం చెయ్యలేరన్నది ఆ చదువు వెనక ఉన్న ఒక ఆలోచన. అదీ ఉద్యోగ శిక్షణే, అధికారి ముందు నిలబడటం నేర్పిన శిక్షణే. కానీ మొదలుపెట్టింది వాళ్ల భాషతో. ఆ తొలితరం గురించి నేను చదివినంతలో అందరూ మగ టీచర్లే, ఆ లోటు చెప్పకుండా వదలకూడదు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆమె శ్రమ ఎక్కువగా భర్త పేరు కిందే నమోదైంది. మన పాత కథే.

మార్లవాయి నుంచి ఇంద్రవెల్లి ఎంతో దూరం కాదు. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభ పెట్టుకోబోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చిపోయింది పదమూడు మందని అధికారిక లెక్క, చాలా ఎక్కువమందని అక్కడివాళ్ల లెక్క. అధికారి ముందు నిలబడటమంటే ఆ ప్రాంతంలో ఏమిటో స్తూపం దగ్గర నిలబడితే తెలుస్తుంది. అటువంటి చోటు నుంచి వచ్చి అయిదుగురికి అయిదుసార్లు నమస్కారం చెప్పిన పిల్లకు నేను మర్యాద నేర్పబోయాను.

ఇంకొక సంగతి. ఇది నా మీద నేను చెప్పుకునే ఫిర్యాదు. రెజ్యూమెలో తల్లిదండ్రుల వృత్తి రాసే గడి ఉండేది. బీడీలు చుట్టే తల్లుల పిల్లలందరికీ ఏళ్ల తరబడి నేను 'హౌస్‌వైఫ్' అని రాయమనే చెప్పాను. బీడీ అని రాస్తే కంపెనీవాళ్లు ఏమనుకుంటారోనని. మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్ వైపు ఎన్ని ఇళ్లు ఆ తునికాకు మీద నిలబడ్డాయో తెలిసి కూడా. ఒక అమ్మాయి రాయలేదు. పెన్ను పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఏమైంది?"

"మా అమ్మకు పి.ఎఫ్. నంబరున్నది మేడం."

1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి చట్టం వర్తించింది. అది రావడానికి, వచ్చినదాన్ని అమలు చేయించుకోవడానికి ఆడవాళ్లు ఎన్ని ధర్నాలు చేశారో! చాట ఒళ్లో పెట్టుకొని, పొగాకు దుమ్ము పీలుస్తూ రోజుకు వెయ్యి బీడీలకు కూచునే మనిషిని రాజ్యం కార్మికురాలని ఒప్పుకుని ఒక నంబరిచ్చింది. ఆడవాళ్ల ఇంటిపనిని పని కింద లెక్కకట్టరని వ్యాసాలు రాసే నేను, లెక్కలోకి వచ్చిన ఆ పనిని నా చేతులతో కొట్టేయించాను. అదీ ఆమె కూతురి కాగితం మీద. ఆ పిల్ల ఫీజుల్లో రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలినవన్నీ ఆ బీడీల నుంచే వచ్చాయి. ఆ రోజు 'బీడీ కార్మికురాలు' అని ఇంగ్లీషులో రాశాం. ఆ కంపెనీలో ఆమెకు ఉద్యోగం రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పలేను. ఏడాది తర్వాత ఇంకోచోట వచ్చింది. రెజ్యూమె మార్చలేదని మాత్రం ఫోన్‌లో చెప్పింది.

ప్లేటు పక్కన ఫోర్కు ఏ వైపు ఉండాలని మనం పాఠం చెబుతున్న కాలంలోనే ఆ ప్లేటులో ఏముందన్న గొడవ కూడా నడుస్తోంది. బాసర ట్రిపుల్ ఐటి పిల్లలు 2022 జూన్‌లో వారం రోజులు వానలో, ఎండలో బయట కూర్చున్నారు. వాళ్ల డిమాండ్లలో మెస్ ఒకటి. జూలైలో మెస్ భోజనం తిని వందమందికి పైగా అస్వస్థులయ్యారు. 2024 అక్టోబర్ చివర ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో భోజనం తిన్నాక పిల్లలు జబ్బుపడ్డారు. వాళ్లలో ఒక అమ్మాయి హైదరాబాద్ నిమ్స్‌లో వారాల తరబడి చికిత్స పొంది నవంబరులో చనిపోయింది. ఆ వారం నాకు క్లాసులో 'టేబుల్ మ్యానర్స్' ఉంది. చెప్పలేకపోయాను. పిల్లలు ఎవరి హాస్టల్ సంగతి వాళ్లు చెప్పుకున్నారు, గంట కొట్టిందాకా. బాసర పిల్లలు బయట కూర్చుని, గట్టిగా, అందరికీ వినిపించేట్టు అడిగారు. నా సిలబస్‌లో దాన్ని కమ్యూనికేషన్ స్కిల్ అనరు.

ఇంత చెప్పి ఫోర్కు పాఠం మానేశానా అంటే, లేదు. మానేసే హక్కు నాకు లేదు. సెమినార్లకు వెళ్లి స్టార్ హోటళ్లలో తినేది నేను. 'మన చేతి ముద్ద మనకు ముద్దు' అని నేనంటే అది ఉద్యోగం వచ్చినదాని సుఖం. అవతలివాళ్లు దేన్ని మర్యాద అనుకుంటున్నారో తెలిసి ఉండటం ఆ పిల్లలకు అవసరం. ఇప్పుడు నేర్పుతూనే అది ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెబుతాను. బల్ల దగ్గర వంతులవారీగా మగపిల్లలతో వడ్డింపజేస్తాను. మొదటిసారి వాళ్ల మొహాలు చూడాలి.

అయితే నేను చాలాకాలం గమనించనిది ఒకటి ఉంది. డిగ్రీ, ఇంజనీరింగు పిల్లలకు బల్ల ముందు కూర్చోవడం నేర్పుతున్న కాలంలోనే, అవే జిల్లాల్లో చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలకు అదే బల్ల వెనక నిలబడటం నేర్పే కోర్సులు నడిచాయి. 2005 తర్వాత ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ మూడు నెలల శిక్షణలు, 2014 నుంచి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. షాపుల్లో సేల్స్, కాల్ సెంటర్లు, హోటళ్లలో స్టీవార్డు పని. వాళ్లకూ అదే ఫోర్కు, అదే నాప్కిన్, అదే చిరునవ్వు. పదార్థం ఎడమవైపు నుంచి, నీళ్లు కుడివైపు నుంచి. ఒక ఇంట్లోనే అక్క ఒక పక్క, చెల్లె ఇంకో పక్క నేర్చుకున్న ఇళ్లు నాకు తెలుసు.

కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో స్త్రీల చరిత్ర మీద సదస్సు. రాత్రి భోజనం హోటల్‌లో. మా బల్ల దగ్గర నీళ్లు పోస్తున్న అమ్మాయి నా మాట విని ఆగింది. "మీది కరీంనగరా మేడం?" తనది మంచిర్యాల వైపు. బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఇంటర్ ఆపేసి, మూడు నెలలు ట్రైనింగు చేసి వచ్చిందట. మా బల్ల మీద గడిలోని ఆడబాపల గురించి పొద్దున చదివిన పేపర్ మీద చర్చ నడుస్తోంది. కుడివైపు నుంచి వంగి నా గ్లాసు నింపుతుంటే, కోరుట్ల పిల్ల అడిగి పదేళ్లు దాటిన ప్రశ్న నా నోట్లోంచి వచ్చింది. "మరి నువ్వెప్పుడు తింటవు బిడ్డా?"

"అయిదున్నరకే పెడ్తరు మేడం, గెస్టులు రాకముందు. మల్ల అన్నీ అయినంక, పన్నెండు గొట్టంగ ఏమన్న మిగిలితె." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిలవడే తింటం. కూసునే జాగ లేదు లోపల."

సూపర్‌వైజర్ అటువైపు రావడం చూసి పక్క కుర్చీ వైపు జరిగింది.